గంటకే ఆకలి వేయని ర్యాప్

మా తమ్ముడు నా దగ్గర ఉన్న ఆరు నెలల్లోనే నాకు ర్యాప్ చేయడం సరిగ్గా వచ్చింది. అంతకుముందు చేయలేదని కాదు. రొట్టెలో కీరా, టమాటా, లెట్యూస్ వేసి, పైన కాస్త సాస్ పోసి, చుట్టి ఇచ్చేదాన్ని. వాడిది షిఫ్ట్ ఉద్యోగం. తినడానికి దొరికేది 20 నిమిషాలు, అదీ చాలాసార్లు నిలబడే. ప్లేటు, చెంచా కుదరవు కాబట్టి ర్యాప్ అయితే సుఖం అనుకున్నాం. మొదటి వారం డ్యూటీ నుంచి వచ్చి, నన్ను నొప్పించకూడదని కాసేపు ఆగి, చెప్పాడు. "అక్కా, రుచిగానే ఉంది. కానీ తిన్న గంటకే మళ్ళీ ఆకలేసింది. సగం చేతి మీదే కారిపోయింది కూడా."

ఆ రాత్రి నాకు ఆ మాటే మనసులో తిరిగింది. ఆకలితో పని చేసే మనిషికి చేసి పెట్టింది కడుపు నింపకపోతే ఎలా? మొదట అవి రెండు వేరువేరు లోపాలు అనుకున్నాను. ఆకలికి ఇంకాస్త స్టఫింగ్ పెడదాం, కారకుండా ఇంకాస్త గట్టిగా చుడదాం అని. అలా చేస్తే రొట్టె చిరిగింది, ఆకలి మాత్రం అలాగే ఉంది. తర్వాత కూర్చుని లోపల ఏం పెడుతున్నానో చూసుకుంటే అర్థమైంది. కీరాలో దాదాపు 95 శాతం నీళ్ళే. టమాటా, లెట్యూస్ కూడా ఇంచుమించు అంతే. అంటే నేను వాడికి రొట్టెలో నీళ్ళు చుట్టి పంపుతున్నాను. ఆ నీళ్ళే బయటికి కారుతున్నాయి, ఆ నీళ్ళే కడుపు నింపడం లేదు. రెండింటికీ కారణం ఒకటే.

అప్పటి నుంచి నా లెక్క మారింది. ముందు ప్రొటీన్, పీచు ఉన్నవి ఏమున్నాయో చూస్తాను. పచ్చి కూరగాయలు కరకరలాడటానికి, నోటికి తాజాగా ఉండటానికి మాత్రమే. అవి అసలు స్టఫింగ్ కాదు.

నేను ఎక్కువగా చేసేది శనగలు, గుడ్లతో. ఒక కప్పు శనగలు రాత్రి నానబెడితే పొద్దున ఉడికాక రెండున్నర కప్పుల పైనే అవుతాయి. బాగా మెత్తగా ఉడకాలి, వేళ్ళ మధ్య నొక్కితే నలిగిపోవాలి. నీళ్ళు పూర్తిగా వంపేసి, సగం శనగల్ని గరిటెతో మెదిపి, మిగతా సగం అలాగే ఉంచుతాను. అన్నీ గుండ్రంగా ఉంటే కొరికినప్పుడల్లా ఒకటి దొర్లి కింద పడుతుంది. అన్నీ మెదిపితే ముద్ద తిన్నట్టు ఉంటుంది. సగం సగం అయితే మెత్తనిది పట్టి ఉంచుతుంది, గింజలు పంటికి తగులుతాయి.

బాణలిలో రెండు చెంచాల నూనె వేసి, ఉల్లిపాయ సన్నగా తరిగి ఎర్రబడే వరకూ వేయిస్తాను. ఇక్కడ తొందర పడకూడదు, పది నిమిషాలు పట్టినా పట్టనీ. వెల్లుల్లి, కారం, జీలకర్ర పొడి, ఉప్పు వేసి, ఒక టమాటా తరిగి వేసి నూనె తేలే వరకూ మగ్గనిస్తాను. టమాటా రుచి నాకు ఇష్టమే, దాని నీళ్ళే వద్దు. అందుకే ర్యాప్‌లో పచ్చి టమాటా మానేసి ఇలా వేయించి వేస్తాను. తర్వాత శనగలు కలిపి దగ్గరగా అయ్యే వరకూ ఉంచుతాను. అయిందో లేదో తెలియడానికి నా గుర్తు ఒకటుంది. గరిటెతో బాణలి మధ్యలో అడుగు కనిపించేలా ఒక గీత గీస్తాను. ఆ దారిలోకి తడి ఊరకుండా, గీత అలాగే నిలిస్తే స్టఫింగ్ సిద్ధం. తడి వచ్చి చేరితే ఇంకో రెండు నిమిషాలు. చివర్లో స్టవ్ ఆపేశాక నిమ్మరసం. ఈ పులుపు లేకపోతే శనగల స్టఫింగ్ నాలుగు ముద్దలకే మొహం మొత్తుతుంది.

ఒక్కో ర్యాప్‌కి ఈ స్టఫింగ్ 100 గ్రాములకు కాస్త అటూ ఇటూ, రెండు గుడ్ల ఆమ్లెట్. ఒక గుడ్డులో 6 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, 100 గ్రాముల ఉడికిన శనగల్లో 9 గ్రాముల దాకా, పీచు కూడా బాగా ఉంటుంది. రొట్టెలో ఉన్నదీ కలిపితే ఒక ర్యాప్‌కి ప్రొటీన్ ఇంచుమించు 25 గ్రాములు. ఈ ర్యాప్ తిన్న మొదటి రోజు మా తమ్ముడు షిఫ్ట్ అయ్యేదాకా ఇంకేమీ తినలేదని చెప్పాడు. ఆ మాట విన్నాక నాకు ఎంత హాయిగా అనిపించిందో!

చికెన్ అయినా ఇదే పద్ధతి. ఎముక లేని ముక్కలకు ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, కాస్త నూనె పట్టించి, బాణలిని బాగా వేడి చేసి, ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా రెండు విడతలుగా వేయిస్తాను. అన్నీ ఒకేసారి వేస్తే నీళ్ళు ఊరి, వేగాల్సింది కాస్తా ఉడుకుతుంది. లోపల గులాబీ రంగు లేకుండా పూర్తిగా ఉడకాలి. వంట థర్మామీటర్ ఉంటే 74 డిగ్రీల సెల్సియస్ చూసుకోండి. స్టవ్ ఆపాక ఐదు నిమిషాలు ఆగి అప్పుడు సన్నగా కోస్తే రసం ముక్కలోనే ఉంటుంది, పలకకు వదిలేయదు.

ఇక రొట్టె. టోర్టియా అని దుకాణాల్లో దొరికే పలుచని రొట్టె కొని చేసినా తప్పు లేదు, తీరిక లేని రోజుల్లో నేనూ అదే. కానీ ఇంట్లో చేసిన రొట్టె మెత్తదనం వేరు, దానికి పట్టే శ్రమ కూడా అనుకున్నంత లేదు. మైదా 200 గ్రాములు, గోధుమ పిండి 100 గ్రాములు, చెంచాడు ఉప్పు, మూడు పెద్ద చెంచాల నూనె. ముందు నూనెను పిండిలో వేళ్ళతో బాగా రుద్దాలి. తర్వాత చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళు 160 మిల్లీలీటర్ల దగ్గర మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి ఇంకాస్త పోస్తూ కలపాలి. వేడి నీళ్ళతో కలిపిన పిండి మృదువుగా ఉంటుంది, సులువుగా సాగుతుంది. ఐదారు నిమిషాలు పిసికి, తడిగుడ్డ కప్పి అరగంట పక్కన పెట్టాలి.

ఆ అరగంట మాత్రం వదిలేయకండి. పిసికినప్పుడు పిండిలోని గ్లూటెన్, అంటే పిండికి సాగే గుణం ఇచ్చే ప్రొటీన్, బిగుసుకుంటుంది. అప్పుడే ఒత్తితే రొట్టె మళ్ళీ వెనక్కి లాక్కుంటుంది, ఎంత ఒత్తినా మందంగా, చిన్నగానే మిగులుతుంది. మందంగా ఉంటే మడతపెట్టిన చోట పగులుతుంది. నానిన పిండి చెప్పిన మాట వింటుంది. ఆరు ఉండలు చేసి, ఒక్కోదాన్ని 10 అంగుళాల వెడల్పుకి ఒత్తుతాను. 8 అంగుళాలది చిన్న ఆకలికి సరిపోతుంది కానీ, అంత స్టఫింగ్ పెట్టి పక్కలు మడవడానికి చోటుండదు. ముక్కజొన్న పిండి రొట్టెల్లో గ్లూటెన్ ఉండదు. పెద్ద ర్యాప్ చుడితే విరుగుతాయి, వాటిని సగానికి మడిచి తినే వాటికి ఉంచుకోవడమే మంచిది.

పెనం బాగా కాలాలి. ఒక్కో వైపు 30 నుంచి 40 సెకన్లు చాలు. బుడగలు లేచి, అక్కడక్కడ గోధుమరంగు చుక్కలు పడగానే తీసేయాలి. ఇంకాస్త కాలితే బాగుంటుందని ఉంచితే ఎండిపోయి, చుట్టేటప్పుడు పెళుసుగా విరుగుతుంది. తీసిన వెంటనే శుభ్రమైన గుడ్డలో ఒకదాని మీద ఒకటి పేర్చి మూసేస్తాను. ఆ ఆవిరికే మెత్తబడతాయి. రొట్టెకు ఈ కాస్త తడి కావాలి, లోపలి స్టఫింగ్‌కి వద్దు.

కొన్న టోర్టియా అయితే చుట్టే ముందు ప్రతిదాన్నీ పెనం మీద 15 సెకన్లు వేడి చేయండి. ఫ్రిజ్‌లో ఉంటే రొట్టెలోని పిండి పదార్థం గట్టిపడుతుంది, వేడి తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది. చల్లటి టోర్టియా చుట్టబోయి చీల్చుకున్న రోజులు నాకు చాలా ఉన్నాయి.

ఇప్పుడు పేర్చడం. రొట్టె మీద ముందుగా నూనె లేదా కొవ్వు ఉన్నది ఏదైనా పలుచగా రాస్తాను. మయోనీజ్, మెత్తటి చీజ్, వెన్న, ఏదైనా సరే. అది రొట్టెకూ తడికీ మధ్య అడ్డుగా నిలుస్తుంది. పెరుగు సాస్ ఇష్టమైతే పెరుగును పలుచని గుడ్డలో కట్టి రెండు గంటలు వేలాడదీసి, నీళ్ళన్నీ దిగాక వెల్లుల్లి, ఉప్పు, మిరియాల పొడి కలపండి. దాన్ని రొట్టె మీద కాకుండా స్టఫింగ్ మధ్యలో వేయండి. ఆమ్లెట్‌ను రొట్టె మీద పరిచి దాని మీద శనగలు పెడితే ఆమ్లెట్ కూడా అడ్డుగోడలా పనిచేస్తుంది. ఇది మా తమ్ముడు కనిపెట్టిందే, నేను ఒప్పుకోవాలి.

కరకరలాడటానికి నేను క్యాబేజీ, క్యారెట్ వాడతాను. లెట్యూస్ కన్నా క్యాబేజీ ఎక్కువసేపు నిలుస్తుంది. సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు చల్లి పది నిమిషాలు ఉంచితే నీళ్ళు వదులుతుంది. గట్టిగా పిండి వాడితే మధ్యాహ్నానికి కూడా కారదు. కీరా కావాలంటే మధ్యలో గింజల భాగం చెంచాతో గీరి తీసేయండి, నీళ్ళు ఎక్కువ ఉండేది అక్కడే.

స్టఫింగ్ వేడివేడిగా ఉండగా చుట్టకూడదు. నేను మొదట్లో వేడి పోకూడదని పొగలు కక్కుతుండగానే ఫాయిల్‌లో చుట్టేదాన్ని. ఆ ఆవిరంతా లోపలే నీరై రొట్టె మెత్తటి పేస్టులా అయ్యేది. పళ్ళెంలో పరిచి పదిహేను నిమిషాలు చల్లారనిస్తే చాలు.

చుట్టేటప్పుడు స్టఫింగ్‌ని మధ్యలో కాకుండా మనకు దగ్గరగా ఉన్న అంచు వైపు, కింది మూడో వంతులో అడ్డంగా పెట్టాలి. రెండు పక్కలా రెండేసి అంగుళాలు ఖాళీ వదలాలి. ముందు రెండు పక్కల అంచులూ లోపలికి మడిచి, వాటిని వదలకుండానే కింది అంచును బొటనవేళ్ళతో స్టఫింగ్ మీదకు తెచ్చి, మిగతా వేళ్ళతో స్టఫింగ్‌ని వెనక్కి లాక్కుంటూ ఒక చుట్టు బిగించాలి. ఆ మొదటి చుట్టు బిగువుగా వస్తే మిగతాది దానంతట అదే వస్తుంది. మొత్తం లోపలి పదార్థం ఒక కప్పు, కప్పుంపావు మించకూడదు. ఎంత ఆశగా ఉన్నా అంతకన్నా పెట్టకండి.

ఆ తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది. నాకు మాత్రం అదే అన్నిటికన్నా ఇష్టం. చుట్టిన ర్యాప్‌ని అంచు కిందికి వచ్చేలా పొడి పెనం మీద పెట్టి, మధ్యస్థమైన మంట మీద నిమిషంన్నర ఉంచడం. అంచు అతుక్కుపోతుంది, ఇక విప్పినా విడదు. రెండో వైపు కూడా తిప్పితే పైన పలుచని కరకర పొర వస్తుంది. కొరికినప్పుడు ముందు ఆ చిన్న చప్పుడు, తర్వాత మెత్తటి రొట్టె, లోపల పుల్లటి శనగలు, క్యాబేజీ. నేను అన్నం పక్కన పెట్టి ఇదే తిన్న రోజులున్నాయి.

బాక్సులో పంపాలంటే ముందు బటర్ పేపర్‌లో చుట్టి, దాని మీద ఫాయిల్ చుట్టి, మధ్యలో ఏటవాలుగా కోస్తాను. తినేకొద్దీ కాగితం చింపుకుంటూ పోవచ్చు, చేతికి ఏమీ అంటదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. గుడ్డు, చికెన్, పెరుగు ఉన్న ర్యాప్ బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, ఎండ మండిపోయే రోజుల్లో గంటే. తమ్ముడి కోసం చిన్న ఐస్ ప్యాక్ పెట్టే సంచి ఒకటి కొన్నాను. అక్కడ ఫ్రిజ్ ఉంటే ఆ టెన్షన్ కూడా లేదు.

ఆదివారం ఆరు చేసి ఫ్రీజర్‌లో పెట్టడం కూడా కుదురుతుంది. అప్పుడు పచ్చి కూరలు, మయోనీజ్, పెరుగు లేకుండా శనగలు, గుడ్డు, చీజ్ మాత్రమే పెట్టాలి. ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి, పొద్దున మూత పెట్టిన పెనం మీద సన్నని సెగలో లోపలిదాకా పొగలు వచ్చేలా వేడి చేస్తే అప్పుడే చేసినట్టు ఉంటుంది.

తమ్ముడు ఇప్పుడు వేరే ఇంట్లో ఉంటున్నాడు, తన ర్యాప్‌లు తనే చేసుకుంటున్నాడు. మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. "అక్కా, ఎంత ఒత్తినా రొట్టె మళ్ళీ దగ్గరికొచ్చేస్తోంది." పిండి ఎంతసేపు నాననిచ్చావని అడిగాను. ఐదు నిమిషాలట. గుడ్డ కప్పి పక్కన పెట్టమన్నాను. ఫోన్ పెట్టేయకుండా ఆ అరగంటా వాడి ఉద్యోగం సంగతులు, నా సంగతులు మాట్లాడుకున్నాం. తర్వాత ఫోన్‌ని గట్టు మీద పెట్టి మళ్ళీ ఒత్తడం మొదలుపెట్టాడు. కర్ర దొర్లుతున్న చప్పుడు వింటూ ఉన్నాను. "సాగుతోందక్కా" అన్నాడు.