మూడు రోజుల జ్వరం, వెదురు గొట్టం

వానలు మొదలై దోమలు ముసురుకున్నాక పాలకేంద్రంలో క్యాన్లు నిండట్లేదంటే, ఊళ్లో మూడు రోజుల జ్వరం దిగినట్టే. ఈసారి మా జెర్సీ ఆవు గౌరికీ వచ్చింది.

పొద్దున కుడి ముందుకాలు కుంటింది. ముల్లు గుచ్చుకుందేమోనని గిట్ట తిప్పి చూశాను, ఏమీ లేదు. సాయంత్రానికి ఆ కాలు బాగానే ఉంది, ఎడమ వెనక కాలు ఈడుస్తోంది. ఇలా కుంటు కాలు మారడమే దీని గుర్తు. మేత ముట్టదు, నోట్లోంచి చొంగ తీగలా సాగుతోంది. పూటకి ఐదు లీటర్లిచ్చేది చెంబెడు కూడా ఇవ్వలేదు. పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేస్తే డాక్టరు గారు వచ్చి చూశారు. జ్వరం 106.

ఇది వైరస్. దోమలు, వాటికంటే చిన్న క్యూలికాయిడిస్ ఈగలు మోసుకొస్తాయి. రేబీస్ వైరస్‌ది కూడా ఈ కుటుంబమే, అయినా టెన్షన్ వద్దు, ఇది మనుషులకి రాదు. పక్కన కట్టేసినంత మాత్రాన ఇంకో పశువుకీ అంటదు. బక్క పశువులు తేలిగ్గానే లేస్తాయి, బాగా మేపి పాలు తీసేవే కూలబడతాయి. వైరస్‌కి మందు లేదు. నొప్పికి, జ్వరానికి మెలాక్సికామ్ ఇచ్చి, పడుకుండిపోయిందని నరానికి కాల్షియం ఎక్కించారు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు మాత్రం అడక్కండి. ఆ మందు పడ్డ కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోతున్నాయని పశువులకి 2006లోనే నిషేధించారు.

అసలు గొడవ డాక్టరు గారు వెళ్లాక. మామయ్య గారు వాము, మిరియాలు, బెల్లం కాచి వెదురు గొట్టంలో పోసుకొచ్చారు.

"తల పైకెత్తి పట్టుకోమ్మా."

"ఆగండి మామయ్యా, ఆ చొంగ చూడండి. దాని ఉమ్మే అది మింగలేకపోతోంది."

ఈ జ్వరంలో గుటక సరిగా పడదు. అప్పుడు బలవంతాన పోసిన కషాయం ఊపిరితిత్తుల్లోకి దిగితే, జ్వరం తగ్గినా న్యుమోనియాతో పశువు పోతుంది. చాలావరకు మూడు రోజుల్లో తనే లేచే జబ్బుకి ఇంత సాహసం ఎందుకు? గొట్టం చూరులో దోపేసి ఆయన రెండు పూటలు నాతో మాట్లాడలేదు. నేను గౌరి కింద గడ్డి పరిచి, ఒకవైపే ఒరిగిపోకుండా పక్క మార్చుతూ, మూతి దగ్గర నీళ్ల బక్కెట్టు పెట్టి కూర్చున్నాను.

లేచింది. పాలు మాత్రం ఇంకా పూటకి మూడున్నర దగ్గరే ఉన్నాయి. ఈ ఈతలో మునుపటంత రాకపోవచ్చని డాక్టరు గారు ముందే చెప్పారు.

ఆ చిన్న ఈగలు పేడ కలిసిన తడి బురదలోనే పెరుగుతాయి. మా పెంటకుప్పేమో కొట్టానికి ఆనుకునే ఉంది. దాన్ని చేను గట్టుకి మార్పించాలని చూస్తున్నాను. దానికీ మామయ్య గారే ఒప్పుకోవాలి.