ఐదున్నర గంటలు వెనక

కిటికీ బయట చిమ్మచీకటి. అమ్మ అన్నానికి రెండోసారి పిలిచింది. కంప్యూటర్ మాత్రం సాయంత్రం 4.10 అంటోంది.

పొద్దుటి నుంచి ఒకటే పని. విండోస్ ఒక్కటే ఏలుతున్న 512 జీబీ డిస్కులో 80 జీబీ విడదీసి ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇచ్చాను. పొలం పంచినట్టే ఉంది. గట్టు కాస్త అటు జరిగితే ఎవరి పెళ్లి ఫొటోలు గల్లంతవుతాయోనని ఒకటే బెంగ. అన్నీ ముందే వేరే డిస్కులో దాచాను, అయినా సరే.

ఏమీ పోలేదు. ఆన్ చేయగానే నల్లటి తెర మీద రెండు పేర్లు, ఎంచుకోవడానికి పది సెకన్ల గడువు. ఊరికే చూడటానికే రెండుసార్లు రీస్టార్ట్ చేశాను.

తీరా విండోస్‌లోకి వెళితే ఈ గడియారం గొడవ. ఫోనులో 9.40. సరిగ్గా ఐదున్నర గంటల తేడా! ఆ లెక్క తట్టగానే నవ్వొచ్చింది. మదర్‌బోర్డు మీది గడియారంలో ఉబుంటు యూటీసీ, అంటే మనకు ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం రాసిపెడుతుంది. విండోస్ దాన్నే మన సమయం అనుకుని చదువుకుంటుంది. అబద్ధం ఎవరిదీ కాదు, అలవాట్లే వేరు.

ఉబుంటులోకి తిరిగి వెళ్లి, ఇక్కడి సమయమే రాయమని టెర్మినల్‌లో ఒక్క ఆదేశం ఇచ్చాను. ఇది మంచి పద్ధతి కాదని హెచ్చరించింది గానీ మాట విన్నది.

అన్నం చల్లారిపోయింది. "పొద్దుటి నుంచి బాగుచేస్తూనే ఉన్నావు, అసలు పాడైందేమిటిరా?" అంది అమ్మ.

పెరుగు గిన్నె ఇటు జరుపుకున్నాను.