శాన్ బెనితోలో కొన్‌హుంతో, బ్రౌన్స్‌విల్‌లో బార్బకోవా: నా అనుభవం

టెక్సస్ దక్షిణపు కొసన, రియో గ్రాండే ఒడ్డున ఉన్న ఊళ్లన్నిటినీ కలిపి అక్కడివాళ్లు ‘వ్యాలీ’ అంటారు. లోయ ఏమీ లేదు, అంతా చదును నేల. హ్యూస్టన్ నుంచి కారులో ఐదున్నర, ఆరు గంటలు. నేను ఎప్పుడు వెళ్లినా శనివారం సాయంత్రానికి చేరేలా చూసుకుంటాను. ‘కొన్‌హుంతో’ పాట శనివారం రాత్రి, ‘బార్బకోవా’ అనే మాంసం వంటకం ఆదివారం తెల్లవారుజామున. ఆదివారం మధ్యాహ్నానికి చేరితే రెండూ దక్కవు.

కొన్‌హుంతో అంటే టెక్సస్ మెక్సికన్ల డాన్సు సంగీతం, దాన్ని వాయించే బృందం కూడా. బృందంలో నలుగురు: బటన్ అకార్డియన్, గిటారు లాంటి బాహో సెస్తో, బేస్, డ్రమ్స్. అకార్డియన్ కుడివైపు మూడు వరసల్లో 31 బటన్లు ఉంటాయి. హార్మోనియంలో ఒక మెట్టుకు ఒకటే స్వరం. ఇందులో అదే బటన్ తిత్తి మూసేటప్పుడు ఒక స్వరం, తెరిచేటప్పుడు ఇంకొకటి పలుకుతుంది. ఆ పాటల్లో వినిపించే తెగింపు, ఊపు చాలావరకు ఈ తిత్తి మలుపుల వల్లే. పైగా ఒక్కో పెట్టె కొన్ని శ్రుతులకే కుదురుతుంది. గాయకుడి శ్రుతి మారితే పెట్టె మార్చాలి, అందుకే వేదిక మీద రెండు మూడు పెట్టెలు పెట్టుకుంటారు.

కొత్తవాళ్లు అకార్డియన్ ఒక్కటే వింటారు. నేనైతే ముందు బాహో సెస్తో వినమంటాను. పన్నెండు తీగలు, ఆరు జంటలు. మంద్రమూ లయా రెండూ దానివే. శాన్ బెనితోలో స్థిరపడ్డ అకార్డియన్ వాద్యకారుడు నార్సీసో మార్తీనెస్ 1936లో బ్లూబర్డ్ కంపెనీకి రికార్డులిచ్చినప్పుడు ఎడమచేతి బేస్ బటన్లను దాదాపు వదిలేశాడు. ఆ పని శాంతియాగో అల్మేదా బాహో సెస్తో చూసుకుంది. దాంతో కుడిచేయి తేలికపడి పరుగెత్తింది, ఈ సంగీతానికి ఇప్పుడున్న రూపం అక్కడే మొదలైంది. హాలులో డ్రమ్స్, అకార్డియన్ కలిసి బాహోను మింగేస్తాయి కాబట్టి స్పీకర్ల ఎదుట కాకుండా బాహో వాయించే మనిషి వైపు కూర్చోవాలి.

డాన్సు హాలుకు నగదు తీసుకెళ్లండి, ప్రతిచోటా కార్డు నడవదు. రబ్బరు అడుగున్న బూట్లు వద్దు. పోల్కా అనే వేగమైన జంట నృత్యంలో పాదం ఎత్తకుండా నేల మీద జార్చాలి, రబ్బరు నేలను పట్టేసి మోకాలు మెలిపడుతుంది. జంటలన్నీ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. వేగంగా వెళ్లేవాళ్లు బయటి వరసలో, నెమ్మదివాళ్లు లోపల. అడుగు తప్పితే పరవాలేదు, నడివరసలో ఆగిపోతేనే వెనకవాళ్లు గుద్దుకుంటారు. మొదట పోల్కా కన్నా బొలేరో, కుంబియా అనే నృత్యాలు పట్టుకోవడం సులువు.

బార్బకోవా ఇక్కడ ఆవు తలకాయ మాంసం, ఇది ముందే చెప్పాలి. బ్రౌన్స్‌విల్‌లో వేరాస్ బ్యాక్‌యార్డ్ బార్‌బీక్యూ 1955 నుంచి ఉంది. ఇటుకలు కట్టిన గోతిలో మెస్కీట్ కట్టెల నిప్పులు చేసి, రేకులో చుట్టిన తలకాయలను రాత్రంతా ఉడికిస్తారు. ఆరోగ్య నియమాల వల్ల మిగతా చోట్ల గోతి పద్ధతి పోయి, ఎక్కువమంది ఆవిరి మీదే వండుతున్నారు. వేరాస్‌కు 2020లో జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ ‘అమెరికాస్ క్లాసిక్స్’ పురస్కారం వచ్చింది.

కొనేది పౌండ్ల లెక్కన. బుగ్గ మాంసం ‘కచేతే’, నాలుక ‘లెంగ్వా’, అన్నీ కలిపింది ‘మిస్తా’. మిస్తాలో కొవ్వు ఎక్కువ, మొదటిసారి కచేతే అడగండి. ముగ్గురికి ఒక పౌండు సరిపోతుంది. బాగా పొద్దున్నే వెళ్లాలి, కచేతే ముందే అయిపోతుంది. చల్లారితే కొవ్వు గడ్డకట్టి రుచి పోతుంది కనుక అక్కడికక్కడే ఉల్లి, కొత్తిమీర, నిమ్మరసం, సాల్సా వేసుకుని తినేయడం మేలు.

గొడ్డుమాంసం తినని మనవాళ్లకు ఆలుగడ్డ, గుడ్డు కలిపి రొట్టెలో చుట్టిన టాకో, అంటే ‘పాపా కోన్ వేవో’ ఎక్కడైనా దొరుకుతుంది. నాగజెముడు ఆకుల కూర ‘నోపాలితోస్’ కూడా బావుంటుంది. పూర్తి శాకాహారులు మాత్రం జాగ్రత్త పడాలి. బీన్స్‌లో పందికొవ్వు, అన్నంలో కోడి రసం ఉండొచ్చు. ‘తియేనే మంతేకా?’ అని అడిగితే కొవ్వు సంగతి చెబుతారు.

తిరుగు ప్రయాణంలో 77వ హైవే మీద సరీటా దగ్గర, 281 మీదైతే ఫాల్‌ఫూరియస్ దగ్గర బోర్డర్ పెట్రోల్ ప్రతి కారునూ ఆపుతుంది. మెక్సికో వెళ్లకపోయినా సరే. అమెరికా పౌరులు కాని, 18 నిండినవాళ్లు గ్రీన్ కార్డు, లేదా పాస్‌పోర్టుతో పాటు ఐ-94 (దేశంలోకి వచ్చిన నమోదు పత్రం) వెంట ఉంచుకోవాలి. హెచ్-1బీ ఉద్యోగ వీసా వాళ్లు ఐ-797 ఆమోద పత్రం కూడా. సూట్‌కేసులో కాదు, చేతికందేలా. 77 మీద రేమండ్‌విల్ దాటాక చాలాదూరం బంకు ఉండదు, ట్యాంకు అక్కడే నింపుకోవాలి. పోల్కా వేగం తగ్గించి, బృందాన్ని యాంప్లిఫయర్ల మీదికి తెచ్చిన టోనీ దె లా రోసా ఈ సరీటాలోనే 1931లో పుట్టాడు. చెక్‌పోస్టు వరసలో అతని పాటలు పెట్టుకోవడం నాకు అలవాటు.

బార్బకోవాను చుట్టుకుని తినే మైదా రొట్టెలు ‘టోర్టియాలు’ ఇంట్లో చేయాలంటే మూడు కప్పుల మైదా, చెంచా ఉప్పు, అర చెంచా బేకింగ్ పౌడర్, మూడో వంతు కప్పు వెజిటబుల్ షార్టెనింగ్ తీసుకోండి. పందికొవ్వుతో రుచి ఎక్కువే, కానీ అది మీ ఇష్టం. ముందు కొవ్వును పిండికి బాగా పట్టించి, తర్వాత కప్పు వేడినీళ్లు కొంచెం కొంచెంగా పోయాలి. పిండిని బట్టి అన్నీ పట్టకపోవచ్చు. పన్నెండు ఉండలు చేసి, మూతపెట్టి అరగంట వదిలేయాలి. ఆ అరగంట ఎగ్గొడితే వత్తిన ప్రతిసారీ వెనక్కి ముడుచుకుంటాయి. పెనం బాగా కాలాలి, ఒక్కో వైపు 30 నుంచి 40 సెకన్లు. మంట తక్కువైతే పొంగేలోపే తడి ఆరిపోయి పెళుసుబారతాయి. తీసినవి తీసినట్టు గుడ్డలో చుట్టేయాలి. మర్నాటికి మిగిలితే పెనం మీదే ఒక్కో వైపు పది సెకన్లు వేడిచేయండి, మైక్రోవేవ్‌లో ఎక్కువసేపు పెడితే సాగిపోయి గట్టిపడతాయి.