ఛార్జింగ్ ఎక్కుతోంది, పాటలు కనిపించట్లేదు

తిరుపతి, ఆదివారం

నాయన ఎంపీత్రీ ప్లేయర్‌ని లాప్‌టాప్‌కి తగిలిస్తే ఛార్జింగ్ ఎక్కుతోంది, ఫైల్ మేనేజర్‌లో మాత్రం దాని జాడే లేదు. ఈ రోజంతా దీనితోనే సరిపోయింది. "ఫార్మాట్ కొట్టేస్తే అదే పని చేస్తుంది" అన్నాడంట సెల్ రిపేరు కుర్రాడు. నాయన ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోను.

అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద దొరికాయి కానీ, వాటిలో రాగం పేరు ఉంటుందే తప్ప స్వరాలు ఉండవు. అందుకే ఒకే కీర్తనకు ఒక్కో విద్వాంసుడు ఒక్కో వరస కట్టాడు. ఆ వరసలన్నీ పోగేయడం నాయనకు ప్రాణం. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్నవి కొన్ని ఈ ప్లేయర్‌లో తప్ప మా ఇంట్లో ఇంకెక్కడా లేవు. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కేటప్పుడు జేబులో చెయ్యి పెట్టి, చూడకుండానే బటన్ నొక్కి పాట మార్చుకుంటాడు. ఫోన్‌తో ఆ సుఖం లేదంటాడు. నిజమే, మధ్యలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు.

నా లాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ కాదు, లైనక్స్ మింట్. ఇలాంటప్పుడు ఫైల్ మేనేజర్ ముందు కూర్చుంటే లాభం లేదు, సంగతి అన్నిటికన్నా ఆఖరున తెలిసేది దానికే. ముందు కెర్నల్, అంటే లైనక్స్ లోపల పరికరాలతో మాట్లాడే భాగం, ఏమంటోందో చూడాలి. టెర్మినల్‌లో కెర్నల్ మాటలు చూపించే డీమెసెజ్ కమాండ్ నడుస్తుండగా వైరు తగిలించాను. ఒక్క లైను కూడా రాలేదు. ఏదో ఒక ఎర్రర్ వచ్చినా బాగుండేది. ఏమీ రాలేదంటే ప్లేయర్ తగిలిన విషయమే కంప్యూటర్‌కి తెలియలేదన్నమాట. యూఎస్‌బీ 2.0 వైరులో కరెంటుకి రెండు తీగలు, డేటాకి రెండు తీగలు ఉంటాయి. కొన్ని చౌక ఛార్జింగ్ వైర్లలో డేటా తీగలు అసలు వేయరు. బ్యాటరీ బొమ్మ నిండుతూనే ఉంటుంది, పాట మాత్రం కదలదు.

డేటా తీగలున్న వైరు కోసం గాంధీ రోడ్డుకి వెళ్లాను. "మినీ పిన్ను ఇప్పుడెవరు అడుగుతున్నారమ్మా" అంటూనే షాపాయన అడుగు సొరుగు లాగి, చిక్కుపడిన వైర్ల కుప్పలోంచి ఒకటి విడదీసి ఇచ్చాడు. పాత డిజిటల్ కెమెరాతో వచ్చిన వైరు. ఫోటోలు దించుకోవడానికి ఇచ్చింది కాబట్టి అందులో డేటా తీగలు ఉండి తీరాలి. చాలా సంతోషం వేసింది.

ఇంటికొచ్చి, ఒకే పోర్టుకి చాలా వైర్లు తగిలించుకునే యూఎస్‌బీ హబ్‌కి పెడితే డీమెసెజ్‌లో ఎర్రర్ మైనస్ 71 వచ్చింది. సంకేతాలు దారిలో చెడిపోతున్నాయని దానర్థం. హబ్ తీసేసి నేరుగా లాప్‌టాప్‌కే పెట్టాను, 'న్యూ హైస్పీడ్ యూఎస్‌బీ డివైస్' అన్న లైను వచ్చింది. తగిలిన యూఎస్‌బీ పరికరాల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌లో పేరుతో సహా కనిపించింది. డ్రైవ్‌గా మాత్రం రాలేదు. ప్లేయర్ సెట్టింగుల్లో యూఎస్‌బీ మోడ్ ఎంటీపీ అని ఉంది. ఆ పద్ధతిలో ఫైళ్ల పెత్తనమంతా ప్లేయర్‌దే, అడిగిన ఫైలు అది తీసి ఇస్తుంది. ప్లేయర్‌ని మామూలు డ్రైవ్‌లా చూపించే ఎంఎస్‌సీ మోడ్‌కి మార్చితే పెన్‌డ్రైవ్ లాగా, ఎస్‌డీబీ అన్న పేరుతో వచ్చింది.

అప్పుడు అసలు టెన్షన్ మొదలైంది. క్రితంసారి సరిగా అన్‌మౌంట్ చేయలేదని, అంటే పద్ధతిగా విడదీయకుండా లాగేశారని, డేటా చెడిపోయి ఉండొచ్చని, డ్రైవ్‌లో తప్పులు వెతికి సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే నడపమని కెర్నల్ హెచ్చరిక. రిపేరుకి ముందు కాపీ, ఇందులో నాకు రెండో మాట లేదు. చదవడమే తప్ప ఏమీ రాయకుండా, రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి మొత్తం లాప్‌టాప్‌లోకి దించాను. కాపీ అవుతున్నంతసేపూ నాయన గుమ్మం దగ్గరే నిలబడి, "ఏమ్మా, అన్నీ ఉండాయా?" అని అడుగుతూనే ఉన్నాడు. క్యాసెట్ పాటలు ఒక్కొక్కటీ తెరిచి వినిపించాకే కూర్చున్నాడు. తర్వాత అన్‌మౌంట్ చేసి ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే, సరిగా విడదీయలేదన్న గుర్తు, అదే డర్టీ బిట్, తీసేసి ఊరుకుంది. ఇంకేమీ చెడలేదు.

కొత్త పాటలు కూడా ఎక్కించి, సేఫ్లీ రిమూవ్ నొక్కి, అది అయిందనే దాకా ఆగి వైరు తీశాను. ఇప్పుడు నాయనకి ఇంకో కోరిక. ఒకే కీర్తన వరసలన్నీ పక్కపక్కనే రావాలంట. తెలుగులో పేరు పెడితే ప్లేయర్ తెర మీద డబ్బాలు కనిపిస్తాయి, అందుకని ఇంగ్లిషు అక్షరాల్లో, ముందు అంకెలు వేసి పేర్లు మారుస్తున్నాను. నాయన పక్కన కూర్చుని ఏది ముందో చెబుతున్నాడు. ఒక కీర్తన దగ్గర ఇద్దరికీ వాదన పడింది. అందులో రెండు వరసలున్నాయా, లేక ఒకే వరసను ఇద్దరు పాడారా అని.