మర్ఫీల ఇల్లు, మా క్యాంపు ఇల్లు

మా అబ్బాయి ఈ ఏడాది నాలుగో క్లాసు. కాలిఫోర్నియాలో నాలుగో క్లాసు పిల్లలకి సోషల్ అంటే ఈ రాష్ట్రం కథే. ఎవరు ఎప్పుడొచ్చారు, ఎలా వచ్చారు, బంగారం ఎక్కడ దొరికింది, ఇవన్నీ చెబుతారు. మన ఊరికి మొదట్లో వచ్చి స్థిరపడ్డ ఒక కుటుంబం గురించి రాసుకురమ్మని ప్రాజెక్టు ఇచ్చారు. "అమ్మా, సన్నీవేల్‌కి ముందు ఎవరొచ్చారు?" అని వాడడిగితే నాకు జవాబు తెలియలేదు. పదకొండేళ్లుగా ఉంటున్న ఊరు. మర్ఫీ అవెన్యూలో ఎన్నిసార్లు భోజనం చేశామో లెక్కే లేదు. ఆ మర్ఫీ ఎవరని మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాణ్ణి తీసుకుని రెమింగ్టన్ డ్రైవ్‌లో ఉన్న హెరిటేజ్ పార్క్ మ్యూజియానికి వెళ్లాను. పక్కనే కమ్యూనిటీ సెంటర్, వెనక పదెకరాల ఆప్రికాట్ తోట. ఒకప్పుడు ఈ లోయంతా ఇలాంటి తోటలేనట. రెండంతస్తుల చెక్క ఇల్లు. టికెట్ లేదు. చూసుకునేది వాలంటీర్లే. ఆ మర్ఫీ ఎవరో అక్కడే తెలిసింది.

మార్టిన్ మర్ఫీ జూనియర్ 1807లో ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్‌లో పుట్టాడు. అక్కణ్ణుంచి కెనడా, అక్కణ్ణుంచి మిస్సోరీ. మిస్సోరీలో మలేరియా ఇంట్లోవాళ్లని పొట్టన పెట్టుకుంది. ఇక అక్కడ ఉండలేక 1844లో బంధువులతో, మరికొన్ని కుటుంబాలతో కలిసి ఎద్దుల బళ్ల మీద పడమటికి బయల్దేరారు. దాదాపు యాభై మంది. సియెర్రా నెవాడా కొండలు చేరేసరికి మంచు పడింది. ఒకచోట దారికి అడ్డంగా నిలువెత్తు బండ. బళ్లలో సామానంతా దించేసి, బండలో ఉన్న సన్నటి సందులోంచి ఎద్దుల్ని ఒక్కొక్కటిగా పైకి నడిపించి, ఖాళీ బళ్లని గొలుసులతో పైకి లాగారట. ఆ కొండల్ని బళ్లతో దాటిన మొదటి బృందం వాళ్లే. రెండేళ్ల తర్వాత డానర్ బృందం అనే ఇంకో వలస గుంపు మంచులో చిక్కుకుని, ఆకలికి చాలామంది పోయి, అంత ఘోరం జరిగింది కూడా ఆ దారిలోనే. వీళ్లలో మాత్రం బయల్దేరినవాళ్ల కంటే చేరినవాళ్లే ఎక్కువ, ఎందుకంటే దారిలో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. యూబా నది దగ్గర, మంచులో, మర్ఫీ భార్య మేరీకి పుట్టిన పాపకి ఎలిజబెత్ యూబా అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. నిండు గర్భిణి ఆ బండ దాటింది.

1850లో మర్ఫీ ఇక్కడ దాదాపు 4,900 ఎకరాలు కొన్నాడు. ఇల్లు కట్టుకోవడానికి కలపని అమెరికాకి ఆ చివర, మెయిన్ రాష్ట్రంలో కోయించి, ముక్కలుగా ఓడలో దక్షిణ అమెరికా చుట్టూ తిప్పి తెప్పించాడు. అప్పటికి పనామా కాలువ లేదు, ఖండం దాటే రైలూ లేదు. వచ్చిన ముక్కల్ని ఇక్కడ జోడించి నిలబెట్టారు. 1864లో శాన్‌ఫ్రాన్సిస్కో, శాన్‌హోజే మధ్య రైలు వేసినప్పుడు పట్టాలకి తన పొలంలోంచి దారిచ్చాడు. మా ఆయన రోజూ ఆఫీసుకెళ్లే కాల్‌ట్రెయిన్ దారి అదే. 1881లో ఈ దంపతుల యాభయ్యో పెళ్లిరోజుకి వేలమంది వచ్చారట, మూడు రోజులు భోజనాలు.

మా వాడు ఇవన్నీ రాసుకుంటూ మెట్ల పక్కన చెక్క పట్టుకుని, "వాళ్ల పిల్లలు కూడా దీన్నే పట్టుకుని దిగేవాళ్లా?" అని అడిగాడు. అక్కడున్న పెద్దావిడ వాడి ఎత్తుకి వంగి, "లేదు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఇది దాన్ని చూసి మళ్లీ కట్టింది" అని చెప్పింది.

నేను అప్పటిదాకా అదే అసలు ఇల్లనుకుంటున్నాను. వందేళ్ల పైన ఆ కుటుంబం ఉన్న ఇల్లు 1950ల్లో సిటీ చేతికి వచ్చింది. రాష్ట్రం దాన్ని చారిత్రక కట్టడంగా కూడా గుర్తించింది, 644వ నంబరు. ఆ తర్వాత నిప్పంటుకుని దెబ్బతింది, 1961లో కూల్చేశారు. ఇక్కడి హిస్టారికల్ సొసైటీ 1956లోనే మొదలైంది. అంటే వాళ్ల కళ్ల ముందే పోయింది. అయినా వదిలిపెట్టలేదు. నలభై ఏడేళ్ల తర్వాత, 2008లో, అదే రూపంలో ఈ మ్యూజియం కట్టి తెరిచారు. అన్నేళ్లు ఆశ చావకుండా పనిచేసినవాళ్లంటే నాకు చెప్పలేనంత గౌరవం. కానీ ఆ మెట్ల చెక్క మీద ఎలిజబెత్ యూబా చెయ్యి పడలేదన్నది కూడా నిజమే. ఓడలో అంత దూరం తిరిగొచ్చిన కలప మాత్రం మళ్లీ రాదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా క్యాంపు ఇల్లు గుర్తొచ్చింది.

మాది కర్ణాటకలో సింధనూరు దగ్గర ఒక క్యాంపు. తెలియనివాళ్లకి చెప్పాలి. 1953లో తుంగభద్ర కాలువలకి నీళ్లు వదలడం మొదలయ్యాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి, అక్కడి నల్లరేగడి భూములు కొని, చదును చేసి, వరి వేశారు. పొలాల మధ్య గుడిసెలు వేసుకుని ఉన్నచోటల్లా క్యాంపు అనే పేరు పడింది. డెబ్భై ఏళ్లయినా, మేడలు లేచినా, బస్సు బోర్డుల మీద ఇప్పటికీ క్యాంపే. మా తాతయ్య 1955లో గుడివాడ దగ్గర్నుంచి వచ్చారు. వచ్చినప్పుడు సింధనూరు హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. మరుసటి ఏడాది నవంబరుకి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ. మా నాన్నవాళ్ల తరం అలాగే పెరిగింది.

మొదటి మూడేళ్లు పాకలో ఉన్నారు. తర్వాత తాతయ్య గుడివాడ వెళ్లి, అన్నదమ్ముల పంపకంలో తన వాటాకొచ్చిన టేకు ద్వారబంధాలు రెండు విప్పించి, రైల్లో హోస్పేట దాకా, అక్కణ్ణుంచి లారీలో క్యాంపుకి తెచ్చారు. వాటి చుట్టూ ఇల్లు కట్టారు. రాతి గోడలు, పెంకుల కప్పు, ముందు అరుగు, పక్కన ధాన్యం గది. ఇదంతా చిన్నప్పుడు వందసార్లు విన్నదే, ఎప్పుడూ పట్టించుకోలేదు. మర్ఫీల కలప ఓడలో వచ్చిందని చదివాకే మా గుమ్మాలు రైల్లో వచ్చాయన్న మాట నా చెవికి కొత్తగా వినిపించింది.

ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరూ లేరు. నాయనమ్మ పక్కనే బాబాయ్ డాబాలో ఉంటుంది. పాత ఇల్లు తీసేసి ఆ స్థలంలో షెడ్డు వెయ్యాలని బాబాయ్ రెండేళ్లుగా అంటున్నాడు. ఆయన మాటలో తప్పేం లేదు. వానొస్తే రెండు గదులు కురుస్తున్నాయి, వాసాలకి చెదలు పట్టింది, ట్రాక్టర్ పెట్టుకోవడానికి చోటు లేదు. అక్కడుండి రోజూ చూసుకునేది ఆయనే, నేను కాదు.

అయినా డిసెంబరు సెలవుల్లో వెళ్లినప్పుడు అడిగాను. మొత్తం ఇల్లు ఉంచమని అడగలేదు. ముందు గది, ధాన్యం గది, అరుగు ఉంటే చాలు బాబాయ్, క్యాంపు జనం వచ్చి చూసుకునే చోటు చేద్దాం అన్నాను. "ఎవరొస్తారే చూడ్డానికి? ఇవి ఏ ఇంట్లో లేవు?" అన్నాడు. నిజానికి ఇప్పుడు దాదాపు ఏ ఇంట్లోనూ లేవు. మా క్యాంపులో మొదటి తరం ఇళ్లు ఒకప్పుడు పాతిక పైన ఉండేవి, ఇప్పుడు మూడు మిగిలాయి.

ఉన్న తొమ్మిది రోజుల్లో నేను చేసింది ఒకటే. రోజూ పొద్దున నాయనమ్మని కుర్చీలో కూర్చోబెట్టి పాత ఇంట్లోకి తీసుకెళ్లడం, ఆవిడ చెప్పేది ఫోన్‌లో రికార్డు చెయ్యడం. ధాన్యం గది తలుపు వెనక బొగ్గు గీతలున్నాయి. నాలుగు నిలువు, ఒకటి అడ్డం. నేను చిన్నప్పుడు అవి పిల్లల రాతలనుకునేదాన్ని. అవి 1961 దాళ్వా పంట బస్తాల లెక్క అంది నాయనమ్మ. మొదటిసారి అప్పు తీరిన పంట. ఆ తలుపుకి సున్నం వెయ్యనివ్వలేదు తాతయ్య.

ఇంకోటి ఉంది. గుమ్మం దగ్గర నాయనమ్మ నా వేలు పట్టుకుని, నిలువు కమ్మీ గడపతో కలిసే మూల మీద పెట్టింది. కంటికి సరిగ్గా కనపడదు, వేలికి తగులుతుంది. ఉలితో కొట్టిన మూడు గంట్లు. గడప మీద కూడా, సరిగ్గా ఎదురుగా, మూడు గంట్లు. అవతలి మూలలో రెంటికీ నాలుగేసి. విప్పిన చెక్కలు కలిసిపోకుండా గుడివాడ వడ్రంగి పెట్టిన గుర్తులవి. వంద కోసుల అవతల ఇంకో వడ్రంగి, వాటిని చూసే మళ్లీ బిగించాడు. ఇద్దరూ ఒకర్నొకరు ఎప్పుడూ చూసుకోలేదు. ఇలాంటి గుమ్మం రేపు కొత్త కలపతో ఎంత బాగా చేయించినా, ఆ గంట్లు ఎవరు కొడతారు, ఎందుకు కొడతారు?

ఇక్కడ ఈ చుట్టుపక్కల అసలు ఇళ్లు నిలబెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మౌంటెన్ వ్యూలో రెంగ్‌స్టార్ఫ్ అనే జర్మన్ రైతు 1860ల్లో కట్టుకున్న ఇంటిని ఉన్నచోటి నుంచి ఎత్తి షోర్‌లైన్ పార్కుకి తరలించి, బాగుచేసి, 1991లో జనానికి తెరిచారు. ఫ్రీమాంట్‌లో ప్యాటర్సన్ వాళ్ల ఇల్లు ఉన్నచోటే ఉంది, చుట్టూ పొలంతో సహా. రెండూ చూసొచ్చాను. ఇంటిని కదిలించైనా సరే, ఉంచుకోవడం మేలు.

ఒక్క విషయంలో మాత్రం నాకు పట్టుదలగా ఉంది. మేం మొదట వచ్చినవాళ్లం కాదు. సన్నీవేల్‌లో మర్ఫీ కొన్నది ఒక మెక్సికన్ రాంచోలో, అంటే పశువుల్ని మేపే పెద్ద ఎస్టేటులో, భాగం. దానికి వేల ఏళ్ల ముందునుంచీ ఆ నేల మీద ఒలోనీ అనే ఆదివాసీ జనం ఉన్నారు. మా క్యాంపు పొలాలూ అంతే. మేం రాకముందు అక్కడ జొన్న పండేది, ఆ పొలాలకి పేర్లుండేవి, ఆ రైతుల పిల్లలు ఇప్పటికీ పక్క ఊళ్లోనే ఉన్నారు. మా తాతయ్యకి మొదటి ఏడాది విత్తనం, తాగడానికి నీళ్లు, జ్వరమొస్తే మందు ఇచ్చింది వాళ్లే. నల్లరేగడి వానకి ఎలా దిగబడుతుందో, ఎండకి ఎలా నెర్రెలిస్తుందో నేర్పింది వాళ్లే. ఆ గదిలో ఏం పెట్టినా దాని పక్కన తెలుగుతో పాటు కన్నడలో కూడా రాసుండాలి. వాళ్ల జొన్న రొట్టెల పెనం, వాళ్లు చెప్పే కథ కూడా అక్కడుండాలి. వాళ్లకి ఆ వలస ఎలా కనిపించిందో వాళ్లే చెప్పాలి, మేం కాదు.

మ్యూజియంలో ఆ పెద్దావిడని మళ్లీ వెళ్లి కలిశాను. మొదట ఏం చెయ్యాలి అని అడిగాను. బోర్డు, రంగులు, అద్దాల బీరువాలు ఇవేవీ కాదంది. ముందు కప్పు కురవకుండా చూసుకోండి, తర్వాత ప్రతి వస్తువుకీ ఒక నంబరు వేసి అది ఎవరిది, ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు చెప్పారు అని పుస్తకంలో రాసుకోండి, చెప్పగలిగేవాళ్లు ఉన్నప్పుడే అంది. ఇప్పటికి నా పుస్తకంలో అరవై రెండు ఉన్నాయి. కుంచం, మానిక, కవ్వం, తాతయ్య భూమి కాగితాల రేకు పెట్టె, ఎడ్ల మెడ పట్టెడ. కవ్వం ఎవరిదన్న దగ్గర నాయనమ్మకీ, మా పెద్దత్తయ్యకీ మాట పడింది. ఇద్దరి మాటా రాశాను.

బాబాయ్ ఇంకా సరే అనలేదు. కిందటి వారం ఫోన్ చేసి, వానలు మొదలయ్యేలోపు ధాన్యం గది మీద పెంకులు మార్పిస్తున్నా, డబ్బులు పంపు అన్నాడు. షెడ్డు మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఈ ఆదివారం నాయనమ్మతో వీడియో కాల్‌లో వెనక గుమ్మం చూడాలి. దాని మీద కూడా గంట్లు ఉండాలి, ఎన్నో తనకి గుర్తు లేదంది.