నా కథలో పాము కనిపించదు

పాముకాటు నుంచి బతికి ఇంటికొచ్చాక నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లంతా మొదట అడిగింది ఒకటే, "పాము ఎంత పొడుగుంది?" అని. నేను చూడలేదు, మా ఇంట్లో ఎవరూ చూడలేదు అనగానే వాళ్ల మొహంలో ఉత్సాహం తగ్గిపోయేది. మాది దివిసీమ. మాకు పాము కథలకి కొదవలేదు. పగబట్టి మూడూళ్లు దాటి వచ్చిన తాచు, మంత్రం వేస్తే తిరిగొచ్చి తన విషం తనే పీల్చుకున్న పాము, ఇలాంటివి వింటూనే పెరిగాం. నా దాంట్లో అవేవీ లేవు. కడుపునొప్పితో మొదలై, రెప్పలు వాలిపోయి, ఊపిరి ఆగిపోయేదాకా వెళ్లింది. అయినా సరే, లేని పాముని తెచ్చి కలపకుండా ఇలాగే చెప్తాను.

ఆగస్టు నెల, నాట్లు అయిపోయి ఇంటి చుట్టూ చేలల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. కరెంటు పోయింది, ఒకటే ఉక్కపోత, హాల్లో గచ్చు మీద చాప వేసుకుని పడుకున్నాం. తెల్లవారుజామున కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, రెండు వాంతులు. గ్యాస్ అనుకున్నాం. ఊళ్లో ఆర్‌ఎంపీ కూడా గ్యాస్ అనే ఇంజెక్షన్ చేశాడు. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. కాసేపటికి నీళ్లు తాగబోతే గొంతు దిగలేదు, ముక్కులోంచి వచ్చేశాయి. అప్పుడు మా మామ్మ నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పి, "రెప్పలు ఎత్తవే" అంది. ఎత్తలేకపోయాను. "ఏంటే, మాట ముద్దగా వస్తోంది?" అంది. వెంటనే మా నాన్నతో, "దీన్ని పురుగు ముట్టుకుందిరా, బండి పిలు" అంది. పక్కింటాయన మంత్రం వేసే మనిషి పేరు ఎత్తబోతే, "ఆయన్ని తర్వాత పిలుద్దురుగాని, ముందు బండి" అని గట్టిగా కసిరింది.

మా మామ్మ గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. 1977 నవంబర్ 19 ఉప్పెనలో చంకలో పిల్లతో తుమ్మచెట్టు పట్టుకుని ఆ రాత్రంతా గడిపిన మనిషి ఆవిడ. సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు ఊళ్లకి ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి, వేలమంది చనిపోయారు. ఆ కథ ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది, ఒక్కసారి కూడా ఏడిపించేలా చెప్పలేదు. గాలి ఎటు తిరిగిందో, నీళ్లు రాకముందు సముద్రం వైపు నుంచి ఎలాంటి హోరు వినిపించిందో, ఎవరు ఏ చెట్టు పట్టుకున్నారో, అవే చెప్పేది. పిల్లలం మేము విసుక్కునేవాళ్లం. రేపు మాకే అవసరం పడితే పనికొచ్చేలా చెప్పేదని నాకు ఆసుపత్రి నుంచి వచ్చాకే అర్థమైంది.

108 వచ్చింది. దారిలోనే నాకు ఊపిరి అందడం మానేసింది. అందులో ఉన్న కుర్రాడు మాస్కు పెట్టి ఏరియా ఆసుపత్రి దాకా అంబు బ్యాగ్, అంటే చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి, నొక్కుతూనే ఉన్నాడు. గతుకుల రోడ్డు, చేయి మారడానికి ఇంకో మనిషి లేడు. అందరూ నన్ను ధైర్యవంతురాలు అంటారు గానీ నేను చేసిందేం లేదు, చేయడానికి నా ఒంట్లో ఒక్క కండరం కూడా కదల్లేదు. ధైర్యం ఆ కుర్రాడిది, మా మామ్మది.

తర్వాత డాక్టర్లు చెప్పింది ఇదీ. అది కట్లపాము కాటు. రాత్రిళ్లు తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవాళ్లని కరుస్తుంది, కోరలు ఎంత చిన్నవంటే చాలాసార్లు గాటు కూడా కనపడదు, కరిచిన చోట నొప్పీ పెద్దగా ఉండదు. దాని విషం నరం వచ్చి కండరాన్ని కలిసే చోట నరం చివర్లని పాడుచేస్తుంది. యాంటీవీనం మందు రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది గానీ, అప్పటికే పాడైన నరం చివర్లని బాగుచేయలేదు, అవి వాటంతటవే మళ్లీ పెరగాలి. అప్పటిదాకా మన బదులు మిషనే ఊపిరి తీసుకోవాలి. అందుకే ఎంత త్వరగా మందు పడితే అంత మేలు.

ఏరియా ఆసుపత్రి నుంచి తీసుకెళ్లిన విజయవాడ పెద్దాసుపత్రి ఐసీయూలో నేను కదల్లేదు, కళ్లు తెరవలేదు, కానీ అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. ఇది చాలామందికి తెలియదు. కట్లపాము విషం వల్ల మనిషి పూర్తిగా చచ్చుబడిపోయినా తెలివి ఉండొచ్చు. ఒకాయన రెప్ప ఎత్తి టార్చి వేసి, నా కాళ్ల దగ్గర నిలబడి, "పాప స్పందించట్లేదు, బ్రెయిన్ పోయినట్టుంది" అని ఇంకొకరితో అన్నాడు. నేను వింటున్నాను! లోపల అరుస్తున్నాను, బయటికి ఒక్క వెంట్రుక కూడా కదలడం లేదు. ఆ భయం ఎలా ఉంటుందో ఎంత రాసినా చాలదు. సాయంత్రం పెద్ద డాక్టరమ్మ వచ్చి, "కట్లపాము కేసులో కళ్లు చూసి ఆ మాట అనకూడదు" అని వాళ్లని మందలించి, నా చెవి దగ్గరకి వంగి, "అమ్మా, వినిపిస్తే కాలి బొటనవేలు కదుపు" అంది. ఉన్న ప్రాణమంతా ఆ వేల్లోకి తెచ్చుకున్నాను. కాస్త కదిలింది. "చూశారా, వింటోంది" అంది. కళ్ల చివర నీళ్లు కారిపోతుంటే నర్సు తుడిచింది.

అప్పట్నుంచి ఆ నర్సు ఏం చేసినా ముందు చెప్పేది. "సక్షన్ పెడుతున్నా, దగ్గొస్తుంది, ఒక్క నిమిషం ఓర్చుకో తల్లీ" అనేది. సక్షన్ అంటే గొంతులో చేరిన కఫాన్ని సన్న గొట్టంతో లాగెయ్యడం. చెప్పకుండా గొట్టం లోపలికి పోవడానికీ, చెప్పి పోవడానికీ ఎంత తేడానో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఇక రాత్రి డ్యూటీ ఆయమ్మ ఉండేది, నా జడ చిక్కులు తీస్తూ వాళ్లమ్మాయి పెళ్లి సంబంధం కథ చెప్పేది. పెళ్లికొడుకు వాళ్లు బండి అడిగారు, వీళ్లాయన ఇవ్వనన్నాడు, పిల్లేమో అతన్నే చేసుకుంటానంది. సరిగ్గా అక్కడ ఇంకెవరో పిలిచేవారు. "మిగతాది రేపు చెప్తాలే" అని వెళ్లిపోయేది. పగలంతా నేను ఆ మిగతా కోసం ఎదురుచూసేదాన్ని. మిషను చప్పుళ్ల మధ్య రేపు అనేది ఒకటి ఉందని నాకు ఆవిడ వల్లే గుర్తుండేది. గొట్టం తీశాక, గొంతు గరగరమంటుంటే నేను మొదట అడిగింది, "పెళ్లయిందా?" అనే. ఆయమ్మ మంచం పట్టుకుని ఏడ్చేసింది. అయిందట, బండి లేకుండానే.

ఇప్పుడు మా వీధిలో పక్షవాతం వచ్చి మాట పడిపోయిన తాతగారి దగ్గర కూర్చుంటే చేపల రేటు దగ్గర్నుంచి పంచాయితీ గొడవల దాకా అన్నీ చెప్తాను. ఇంట్లోవాళ్లు ఆయనకేం తెలీదంటారు. నేనలా అనుకోలేను.

మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువమంది పల్లెల్లోవాళ్లే. నాకెక్కించిన మందు ఎలా తయారవుతుందో కూడా తెలుసుకున్నాను. కొద్దికొద్దిగా విషం ఎక్కించిన గుర్రాల రక్తంలోంచి తీస్తారు. ఆ విషం చాలావరకు చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరుల తెగవాళ్ల సహకార సంఘం తీసిందే. నేనెప్పుడూ చూడని మనుషులు పాముల్ని చేత్తో పట్టుకుంటేనే నేనీ రోజు ఇది రాస్తున్నాను. పామును పగబట్టే దేవతగా చెప్పే కథలు నాకిష్టమే, కానీ కాటు కనపడకపోతే అది పాము కాదు అనుకునేలా చేసేది కూడా ఆ కథలే. అందుకే బళ్లో వానాకాలం మొదలవగానే పిల్లలకి నాది చెప్తాను. దోమతెర అంచులు చాప కింద దోపుకోవాలని, రాత్రి కడుపునొప్పి, వాంతి, ఆ తర్వాత రెప్పలు బరువెక్కడం, మింగలేకపోవడం కలిసి వస్తే ఇక తెల్లారేదాకా ఆగకూడదని. ఇప్పటికీ నేను గచ్చు మీద పడుకోలేను, కరెంటు పోతే గుండె దడదడలాడుతుంది.

మా అమ్మ మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుంది, తీర్చుకోవడానికి నేనూ వెళ్లాను. మొదట్లో మా అమ్మ చెప్పే కథలో స్వామి దయ ఒక్కటే ఉండేది, పైగా గుమ్మం దగ్గర జెర్రిగొడ్డంత పాము కూడా ఉండేది. తిరిగొస్తుంటే బస్సులో పక్కన కూర్చున్నావిడ ఏమైందమ్మా మీ అమ్మాయికి అని అడిగింది. మా అమ్మ చీర చెంగు సర్దుకుని మొదలుపెట్టింది. "పామేదీ కనపళ్లేదమ్మా. కడుపునొప్పంది. మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా? రెప్పలు వాలిపోతుంటే మాత్రం ఎవరేం చెప్పినా ఆగొద్దు, 108కి ఫోన్ చేసెయ్యండి."