కొత్త స్టీరియో ఎంపికలో డెమో గదిలో నేను పడ్డ అవమానం

మా ఇంటి స్టీరియోలో ఏది మార్చాలి, ఏది ఉంచాలి అన్నది ఎట్టకేలకు తేలింది. స్పీకర్లు మార్చాను, యాంప్లిఫయర్‌నూ సీడీ ప్లేయర్‌నూ అలాగే ఉంచాను. పాత స్పీకర్లలో వూఫర్ (కింది స్వరాలను వినిపించే భాగం) చుట్టూ ఉండే ఫోమ్ అంచు, వేలు తగిలితే చాలు, నల్లగా పొడి రాలుతుండడంతో ఈ నిర్ణయానికి పెద్దగా ఆలోచించవలసిన పని లేకపోయింది.

కష్టమంతా దుకాణంలోని డెమో గదిలోనే ఎదురైంది. స్పీకర్లు వినిపించమని నేను అడిగితే, అక్కడి అమ్మకందారు ముందుగా యాంప్లిఫయర్ మార్చాలని, 50 వాట్ల స్థానంలో 100 వాట్లది పెడితే శబ్దం రెట్టింపవుతుందని పట్టుబట్టాడు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణం) మాత్రమే. చెవికి రెట్టింపుగా వినిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్, అంటే పదింతల వాట్లు కావాలి. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన వాట్లకు స్పీకర్ ఎంత బిగ్గరగా మోగుతుందనే కొలత, 87 డెసిబెల్స్ ఉన్న స్పీకర్లకు బదులు 90 ఉన్నవి తెచ్చుకుంటే, అదే 3 డెసిబెల్స్ ఒక్క వాటు అదనంగా ఖర్చు కాకుండానే వస్తుంది.

అతను రెండు యాంప్లిఫయర్లను మార్చి మార్చి వినిపించాడు. ఖరీదైనదానికి మారిన ప్రతిసారీ అతని చెయ్యి వాల్యూమ్ నాబ్ మీదికి వెళ్లడం గమనించి, రెండింటి శబ్దాన్నీ సమానం చేసి వినిపించమని మర్యాదగానే అడిగాను. “అందరికీ తెలుస్తున్న తేడా మీకొక్కరికే తెలియడం లేదంటే, లోపం మా మెషీన్లో లేదండీ, మీ చెవుల్లో ఉంది” అని మిగతా కొనుగోలుదారుల ముందు గొంతు పెంచి అన్నాడు. నా ముఖం వేడెక్కిపోయింది. ఫోన్‌లోని సౌండ్ మీటర్‌ను కుర్చీ మీద పెట్టి, అదే పాట అదే చోటును రెండింటి మీదా వేయించి చూస్తే, ఖరీదైనది సుమారు 2 డెసిబెల్స్ ఎక్కువ చూపించింది. ఫోన్ మీటర్ కచ్చితమైన కొలత ఇవ్వకపోయినా, రెండు శబ్దాల మధ్య తేడాను తెలుసుకోవడానికి పనికివస్తుంది. కాస్త బిగ్గరగా ఉన్నదాన్నే చెవి మేలైన ధ్వనిగా ఎంచుతుంది. ఈ సంగతి తెలిసి కూడా నాబ్ తిప్పి, అడిగినవారి చెవులనే తప్పుపట్టడం వ్యాపారం కాదు, మోసం. ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించమన్నాను. అతను మెషీన్లు ఆపేసి మరొకరి దగ్గరికి వెళ్లిపోయాడు. అలాంటి మాటకు సిగ్గుపడి డబ్బు కట్టి బయటపడేవారు ఎందరో ఉంటారు. దయచేసి ఎవరూ కట్టవద్దు.

ఇంటికి తీసుకెళ్లి విని చూడడానికి ఒప్పుకున్న మరో దుకాణంలో స్పీకర్లు కొన్నాను. అలా ఒప్పుకోని చోట కొనకపోవడమే మంచిది. కేబుల్ విషయంలో ఎవరి మాటా వినవలసిన అవసరం లేదు, కొద్ది మీటర్ల దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగ సరిపోతుంది.

ఇంట్లో మొదట బేస్ (కింది స్వరాలు) దద్దరిల్లుతూ గాత్రాన్ని మింగేసింది. మా గది పొడవు 4.3 మీటర్లు కావడంతో, 40 హెర్ట్జ్ దగ్గరి, అంటే బాగా కింది స్వరపు ధ్వని ఎదురెదురు గోడల మధ్య నిలిచిపోయి, గోడల దగ్గర మరీ బలంగా వినిపిస్తుంది. మందపాటి కర్టెన్లు అంత కింది స్వరాన్ని పీల్చలేవు. సోఫాను వెనక గోడ నుంచి ముందుకు జరిపి, స్పీకర్లను కూడా గోడకు దూరంగా పెట్టిన తర్వాత గాత్రం తేటపడింది. కింది స్వరాల కోసమే విడిగా సబ్‌వూఫర్ అనే స్పీకర్ కొనే ఆలోచన ఇక మానుకున్నాను.